ఎర్ర పువ్వు దేనికి

మాదన్నపేట,
4 జులై 2024

చెల్లె నాగమణికి,

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం బాగున్నాం అని రాయాలి. అది రాద్దామని కూర్చుంటే చెయ్యి కదల్లేదు. అందుకని అది వదిలేసి అసలు సంగతి రాస్తున్నాను. మీ బావ కాలు బాగాలేదు.

నువ్వు కంగారుపడకు. ఆ పనికి నేనున్నాను.

నెల కింద పాలు పిండుతుంటే పెద్ద బర్రె ఆయన కాలు తొక్కింది. షుగర్ మనిషి కదా, నొప్పి తెలియలేదు. చెప్పనూ లేదు. రెండు రోజుల తర్వాత నేనే చూశాను, చిటికెన వేలు, దాని పక్క వేలు వంకాయ రంగుకు తిరిగాయి. పసుపు పెట్టాను, వేపాకు నూరి కట్టాను. ఇప్పుడు రెండూ బొగ్గులాగా ఉన్నాయి. నా కొడుకు సాయికుమార్ ఎప్పుడూ గొంతు లేపడు, మొన్న తండ్రి మీద అరిచి పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ పోయాను. అక్కడ నీహారిక అని డాక్టరమ్మ, చిన్న పిల్ల, కోస్తా వైపు మాట. "పెద్దాయనా, ఈ రెండు వేళ్లూ తీసేస్తే పాదం నిలబడుతుందండీ. ఆలస్యమైతే నేను మాట ఇవ్వలేను" అంది.

మీ బావ ఏమన్నాడో తెలుసా? "బిడ్డా, నువ్వు పుట్టకముందు సంది గీ వేళ్లు నా కాలికున్నయ్" అని చెప్పులేసుకుని వచ్చేశాడు.

ఆయన భయం నాకు తెలుసు. వాళ్ల అన్న రామలింగయ్యకు మొదట వేలన్నారు, తర్వాత పాదమన్నారు, తర్వాత మోకాలన్నారు, మూడు నెలల్లో మనిషే లేడు. మీ బావ ఇంటికొచ్చి అందరి ముందూ ఒకటే మాట చెప్పాడు. "నన్ను అడగకుండ్రి. ఆండాలు పోయి మైసమ్మను అడుగుతది. అమ్మ పొమ్మంటే దవాఖానకు పోత. వద్దంటే ఈన్నే ఉంట."

అంతా నా నెత్తిన పడింది. మన అమ్మ నేర్పినట్టు నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో పువ్వు అడిగేది నేనే కదా. ఒక ఆకులో ఎర్ర పువ్వు, ఒక ఆకులో తెల్ల పువ్వు చుట్టి, ఇది వస్తే ఇట్లా, అది వస్తే అట్లా అని మనసులో అనుకుని, మైసమ్మ ముందు కళ్లు మూసుకుని ఒకటి తీయడం. బర్రె కొన్నప్పుడు అట్లాగే అడిగాను, సాయికుమార్ లగ్గానికీ అట్లాగే అడిగాను. కానీ ఇది బర్రె కాదు. ఎర్రది దేనికి పెట్టాలి, తెల్లది దేనికి పెట్టాలి అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. వచ్చే మంగళవారం అడుగుతాను.

నీ చెవులు పోయి రెండేళ్లయింది, ఫోన్ చేసి లాభం లేదు. నీ కొడుకు కృష్ణయ్య ఫోనుకు మెసేజ్ పెడదామంటాడు సాయికుమార్. పెడితే మీ ఇంట్లో అందరూ చదివాకే నీ దాకా వస్తుంది. ఐదో తరగతి చదువు ఇట్లా పనికొస్తోంది. స్పీడ్ పోస్టులో వేయిస్తున్నాను, నువ్వు కూడా అట్లాగే వెయ్యి. అక్కడ సోలాపూర్‌లో వానలెక్కువా? తడి బట్టలు కట్టుకోకు.

నీ అక్క,
ఆండాలు

*

సోలాపూర్,
8 జులై 2024

అక్కకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కంగారుపడకు అని రాశావు. నువ్వు ఆ మాట రాశావంటే కాలు కాదు, ఇంకేదో ఉంది. గుండెనా? దాచకు. మన నాయిన పోయినప్పుడు కూడా నాకు "కొంచెం జ్వరం" అని చెప్పి బస్సెక్కించావు, నేను మరిచిపోలేదు.

కాలే అయితే మరి ఆలోచన దేనికి? తీయించు. రామలింగయ్య బావ బీడీ మానలేదు, మందు వేసుకోలేదు, ఆయనతో పోలికేంటి? అమ్మవారు గుళ్లోనే ఉంటుందా, ఆ డాక్టర్ పిల్ల చేతిలో ఉండదా? నువ్వు పువ్వు అడుగు, నేను వద్దనను. కాకపోతే అడిగేది తొందరగా అడుగు.

నా సంగతి ఏముంది. చెవులు పోయాక ఒక సుఖం ఉంది, కోడలు ఏమన్నా నవ్వుతాను. "మీ అత్త ఎంత మంచిదమ్మా" అంటున్నారట చుట్టుపక్కల. మొన్న గ్యాస్ అయిపోయిందని చెబితే కూడా నవ్వానట.

గుండె సంగతి నిజం రాయి.

నాగమణి

*

మాదన్నపేట,
10 జులై 2024

చెల్లె నాగమణికి,

నీ జవాబు ఇంకా రాలేదు. నేను ఆగలేను. ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు.

నిన్న మంగళవారం పొద్దున తలస్నానం చేసి పోయాను. మందార పువ్వు ఒక ఆకులో, నందివర్ధనం ఒక ఆకులో చుట్టాను. అమ్మ ముందు పెట్టాను. దండం పెట్టాను. మనసులో అనుకున్నాను. కళ్లు మూసుకుని తీశాను. ఎర్రది వచ్చింది. కండ్లల్లో నీళ్లు తిరిగాయి, అమ్మ పలికింది అని లేచాను. గల్లీ మలుపు దాకా వచ్చాను. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

ఎర్రది దేనికి పెట్టాను?

ఎర్రది అంటే అమ్మకు ప్రీతి, కుంకుమ రంగు, అందుకని ఎర్రది వస్తే పో అని పెట్టానా? లేక ఎర్రది అంటే నెత్తురు, కత్తి, అందుకని ఎర్రది వస్తే వద్దు అని పెట్టానా? వారం రోజులు అట్లా ఒకసారి, ఇట్లా ఒకసారి అనుకుని అనుకుని, చివరికి అమ్మ ముందు ఏది అనుకున్నానో గుర్తు రావడం లేదు. పైకి చెబితే ఫలం ఉండదని మన అమ్మ అనేది కదా, ఎవరికీ చెప్పలేదు. అడుగుదామంటే సాక్షి లేరు.

ఇంటికి రాగానే మీ బావ అడిగాడు, "అన్నదా?"

"అన్నది" అన్నాను.

"ఏమన్నది?"

"జర ఆగు, మంచి గడియల చెప్త" అని లోపలికి పోయి దూలం వైపు చూస్తూ కూర్చున్నాను. రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున పాలకొచ్చిన ఖాసింబీ నా మొఖం చూసి పట్టుకుంది, ఆమెకు చెప్పాను. ఆమె నోరు నీకు తెలుసు కదా. "జవాబ్ భూల్ గయే తో క్యా హువా అమ్మా, ఫికర్ కర్నా తో నై భూలే" అని నవ్వింది. జవాబు మరిచినా ఫికర్ పడటం, దిగులు పడటం మరవలేదట నేను. నవ్వి, పాల గిన్నె పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

మళ్లీ అడగొచ్చా? ఒకసారి చెప్పిన అమ్మను మళ్లీ అడిగితే నీకు వినబడలేదా అనదా? (నీ చెవుల సంగతి కాదు, ఏమనుకోకు.) రెండోసారి తెల్లది వస్తే అప్పుడేం చేయాలి? ఒకటే దారి కనబడుతోంది. మొన్న నీకు రాసిన ఉత్తరంలో ఏది దేనికో రాశానేమో. రాయడం చెప్పడం కాదు కదా అనుకుని రాసే ఉంటాను. రాసినట్టే ఉంది నాకు. తీసి చూడు. వెంటనే రాయి. వేళ్ల దగ్గర వాసన మొదలైంది.

ఆండాలు

*

సోలాపూర్,
13 జులై 2024

అక్కా,

రాశావు. రెండో పేజీలో కింద రాశావు. ఎర్రది వస్తే దవాఖానకు పోవాలి అని నీ చేత్తో స్పష్టంగా ఉంది. అమ్మ పొమ్మంది. ఇంకేమీ ఆలోచించకు. బావకు ఈ పూటే చెప్పు, రేపు కాదు.

నీ ఉత్తరం పటం వెనక భద్రంగా పెట్టాను.

నాగమణి

*

మాదన్నపేట,
17 జులై 2024

చెల్లె నాగమణికి,

నీ ఉత్తరం నిన్న అందింది. పోస్టుమాన్ బసవయ్యకు చాయ్ పోశాను, ఆయన బెదిరిపోయాడు, పాతికేళ్లలో ఎప్పుడూ పోయలేదు కదా.

లోపలికి పోయి మీ బావతో చెప్పాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా వైపు చాలాసేపు చూశాడు.

"అమ్మ పొమ్మన్నదా?"

"పొమ్మన్నది."

"సరే. దుప్పటి సదురు."

అంతే అన్నాడు. నేను ఇంకో వెయ్యి మాటలు సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ అక్కర పడలేదు. ఎల్లుండి ఆపరేషన్. డాక్టరమ్మ కాలు చూసి పెదవి విరిచింది. "పది రోజుల ముందు వచ్చుంటే బాగుండేదమ్మా" అంది. ఆ పది రోజులు ఎక్కడ పోయాయో నాకు తెలుసు, నీకు తెలుసు.

అమ్మ మాట దొరికింది కాబట్టి గుండె బరువు దిగింది. దిగిందా అంటే దిగింది. ఒక్కటే గుచ్చుతోంది. నేను నీకు రెండో పేజీ రాశానా? ఒక కాగితమే రాసినట్టు గుర్తు. వెనకవైపు రాశానేమో. వయసు మీద పడింది. మీ బావకు గుండె బాగానే ఉంది, నువ్వు ఊహలు పెట్టుకోకు, ఊహలు పెట్టుకోవడం నా పని.

కోడలు లావణ్య పాలు పిండటం నేర్చుకుంటోంది. బర్రె ఆమెను చూసి మొఖం తిప్పుకుంటోంది.

ఆండాలు

*

మాదన్నపేట,
26 జులై 2024

చెల్లె నాగమణికి,

పోయినవారం రెండు వేళ్లూ తీసేశారు. తీసిన రోజు మీ బావ లేచి కూర్చుని, "రెండు వేళ్లు తక్కువైనయ్, చెప్పు సస్తగ ఇస్తడా అడుగు" అని సాయికుమార్‌ను నవ్వించాడు. నేను కూడా నవ్వాను. నవ్వడం తప్పయింది. మూడో రోజు నుంచి జ్వరం. కట్టు విప్పితే మూడో వేలు దగ్గర మళ్లీ నలుపు కనబడింది. డాక్టరమ్మ, "నాలుగైదు రోజులు మందులు చూద్దాం. ఆగకపోతే సగం పాదం తీయాల్సి వస్తుంది. మడమ నిలబెట్టడానికే చూస్తున్నాను" అంది.

రామలింగయ్యది కూడా ఇట్లాగే మొదలైంది.

అమ్మ పొమ్మంటే ఇట్లా ఎందుకవుతుంది? చెప్పు. అమ్మ పొమ్మన్న దారిలో పోతే మంచే కదా జరగాలి? ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ఇదే ఆలోచన. ఎల్లుండి ఆదివారం లాల్‌దర్వాజ బోనాలు. మా గల్లీలో అప్పుడే మైకులు కట్టారు. పెండ్లయినప్పటి నుంచి బోనం ఎత్తని ఏడాది లేదు, ఈసారి లావణ్య ఎత్తుతుంది. నాకు అమ్మ ముందుకు పోవడానికి మొఖం చెల్లడం లేదు. అమ్మను తప్పుగా విన్నానా అని ఒక భయం. సరిగ్గానే విని ఉంటే, అమ్మే మమ్మల్ని ఇట్లా తెచ్చి ఇక్కడ విడిచిందా అని ఇంకో భయం. రెండోది రాయకూడదు, రాసేశాను.

నేను పోయిన ఉత్తరం వేసి తొమ్మిది రోజులైంది. నీ నుంచి ఒక్క ముక్క లేదు. నాకు కోపమొచ్చిందని అనుకున్నావా? చెవుల మాట రాశానని నీకు కోపమొచ్చిందా? లేక నీకు తెలిసిందేదో నాకు రాయలేక ఆగావా?

ఆ మొదటి ఉత్తరం నాకు పంపు. ఎర్రది పోవాలి అని నేను రాసిన వరుస నా కండ్లతో చూసుకుంటాను. అది చూస్తే నాకు అన్నం దిగుతుంది.

ఆండాలు

*

సోలాపూర్,
29 జులై 2024

అక్కా,

ఇందులో నీ ఉత్తరం పెట్టాను. చూసుకో. ఒకటే కాగితం. వెనకవైపు ఖాళీ.

ఎర్రది దేనికో, తెల్లది దేనికో నువ్వు ఎక్కడా రాయలేదు. వెలుతురులో పెట్టి చూశాను, కవరు చించి లోపల కూడా చూశాను. లేదు. లేదని రాద్దామనే కూర్చున్నాను. లేదని రాస్తే నువ్వు మళ్లీ మంగళవారం దాకా ఆగుతావు, మళ్లీ మరిచిపోతావు, ఆ వాసన ఆగదు కదా అనుకున్నాను. అమ్మవారి మాట నేను నా చేత్తో రాశాను. అప్పుడు ధైర్యంగా రాశాను. పోస్టాఫీసులో వేసి ఇంటికొచ్చేసరికి చెమటలు పట్టాయి.

ఆపరేషన్ బాగా జరిగిందని నువ్వు రాస్తే ఎప్పటికీ చెప్పొద్దనుకున్నాను. అందుకే రాయకుండా కాచుకుని కూర్చున్నాను. ఇప్పుడు బావకు ఏదైనా అయితే అది నా వల్ల. నేను కూడా దేవుడి ముందు దండం పెడుతుంటే మాట రావడం లేదు, ఏ మొఖంతో అడగను?

బావకు చెబితే చెప్పు. కృష్ణయ్యను అడిగాను, శనివారం బస్సెక్కిస్తానన్నాడు. రమ్మంటే వస్తాను. తిట్టడానికైనా రమ్మను. నువ్వు తిట్టినా నాకు వినబడదు, నీకు గొంతు నొప్పి.

నాగమణి

*

దవాఖాన,
2 ఆగస్టు 2024

నాగమణీ,

నీ ఉత్తరం నిన్న అందింది. లావణ్య ఇక్కడికి తెచ్చిచ్చింది. వరండాలో నిలబడి చదివాను. చదివాక ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, ఒక నర్సమ్మ వచ్చి "అమ్మా, దారి వదలండ్రి, స్ట్రెచర్ రావాలె" అంటే పక్కకు జరిగాను.

నీ మీద కోపం ఉంది. అది కాగితం మీద పెట్టను, నువ్వు వచ్చాక మొఖం మీద చూపిస్తాను, చదువుకో. శనివారం బస్సుకు తప్పకుండా రమ్మని సాయికుమార్‌తో కృష్ణయ్య ఫోనుకు పెట్టించాను.

ఎట్లాగూ సగం పాదం సంగతి నిన్ననే తేలిపోయింది. మందులకు నలుపు ఆగలేదు. డాక్టరమ్మ కాగితం తెచ్చి, "ఈ రోజు రాత్రిలోగా చెప్పండమ్మా" అంది. సాయికుమార్ నా వైపు చూశాడు. నేను వాణ్ని చాయ్ తెమ్మని పంపి, మీ బావ మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఎర్ర పువ్వు సంగతి, మరిచిపోయిన సంగతి, నువ్వు రాసిన అబద్ధం. "నీ వేళ్లు అమ్మ మాట మీద పోలె. నా చెల్లె మాట మీద పోయినయ్" అన్నాను. ఏడుపు వచ్చింది.

ఆయన పైకి చూస్తూ పడుకున్నాడు. "నాకెరుకే" అన్నాడు.

"ఏం ఎరుక?"

"నువ్వు మర్శిపోయినవని. గా మంగళారం నేను అరుగు మీదనే కూసున్న. గల్లీ మలుపుల నువ్వు నిలవడ్డది కనవడ్డది. రెండడుగులు ముంగటికి, రెండడుగులు ఎన్కకు. అమ్మ చెప్పినంక మనిషి గట్ల నడుస్తదా?"

"మరి అమ్మ పొమ్మన్నదని నేను అంటే ఎందుకు లేచినవ్?"

"నువ్వంటివి గదా."

"నేనంటే? అబద్ధమైతే?"

"ఏందే నీ లొల్లి. నలభై ఐదేండ్ల సంది నువ్వు పెట్టింది తింటున్న. ఒక్కనాడన్న గిన్నె మూత తీసి సూసిన్నా ఏం పెట్టినవో?"

కళ్లు తుడుచుకుని అడిగాను, "నువ్వు నన్ను నమ్మితివి. మరి నేను ఎవరిని నమ్మాలె?"

"గది నువ్వూ మీ మైసమ్మా చూస్కోండ్రి. నాకు చాయ్ తెమ్మను, షక్కర్ ఎయ్యమను, ఎట్లైనా పొయ్యే కాలే గదా." తర్వాత నా వైపు తిరిగాడు. "ఇప్పుడు ఏం చేద్దమంటవ్?"

అమ్మను అడిగి చెబుతా అనే మాట నోటి దాకా వచ్చింది. మింగాను. "తీయిద్దాం" అన్నాను.

"సరే" అన్నాడు. మొన్న అన్నట్టే అన్నాడు.

కాగితం మీద నేనే సంతకం పెట్టాను. పేరు రాయడానికి మస్తు సేపు పట్టింది, డాక్టరమ్మ పాపం కదలకుండా నిలబడింది.

ఇవాళ పొద్దున ఆరింటికి ఇంటికి పోయి స్నానం చేసి గుడికి పోయాను. పువ్వులు కట్టలేదు. ఆకు తీసుకుపోలేదు. అమ్మ ముందు కూర్చున్నాను. ఏమీ అడగకుండా ఎట్లా కూర్చోవాలో నాకు తెలియదు నాగమణీ. చేతులు ఊరికే ఒళ్లో ఉంటే ఎవరి చేతులో అన్నట్టున్నాయి. ఇన్నేళ్లూ అమ్మను నమ్ముతున్నానని అనుకున్నాను. పువ్వును నమ్మాను. పువ్వు చేతిలోకి వస్తుంది, కండ్లకు కనబడుతుంది, తప్పైతే పువ్వు మీద వేయొచ్చు. అమ్మకు ఇది కూడా చెప్పాను. "నువ్వు ఆ రోజు ఏమన్నావో నాకు తెలియదు. ఇప్పుడు ఏమంటావో కూడా తెలియదు. ఆయన నీ దగ్గర ఉన్నాడు" అన్నాను. ఇంకో మాట వెతికాను, దొరకలేదు. లేచి వచ్చాను.

ఫికర్ పోయిందా అని అడుగుతావు. పోలేదు. బస్సులో కండక్టర్ ఆడవాళ్ల ఉచిత టికెట్టుకు ఆధార్ కార్డు చూపించమంటే మందుల చీటీ చూపించాను. ఖాసింబీ చూస్తే మళ్లీ నవ్వేది. ఫికర్‌తోనే వచ్చాను. అది కూడా నా పక్క సీట్లోనే కూర్చుంది.

తొమ్మిదిన్నరకు మీ బావను లోపలికి తీసుకుపోయారు. తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపి, "లావణ్యకు చెప్పు, బర్రె తన్నితే భయపడొద్దని, దానికి గంజి ఇష్టమని" అన్నాడు. చెయ్యి చాచాడు, పట్టుకున్నాను, నర్సమ్మ తలుపు మూసేసింది. ఇప్పుడు పదకొండు కావస్తోంది. తలుపు మీద ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది. సాయికుమార్ ఒకచోట కూర్చోలేక మెట్లెక్కి దిగుతున్నాడు.

ఏమైందో సాయికుమార్ కృష్ణయ్య ఫోనుకు పెడతాడు. ఈ ఉత్తరం నీకు అందేసరికి నీకు తెలిసిపోయి ఉంటుంది. బస్సెక్కి వచ్చేసి ఉంటే ఇది ఖాళీ ఇంటికే వస్తుంది. రానీ. ఇది రాసేటప్పుడు నాకు మాత్రం ఏమీ తెలియదు. డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పాక చివర ఒక వరుస రాసి పంపుదామని స్టాంపు కవరు మూయకుండా పెట్టుకున్నాను. ఎప్పుడూ అట్లాగే చేస్తాను కదా, అంతా తెలిసేదాకా ఏదీ చేతిలోంచి వదలను.

గేటు బయట తపాలా డబ్బా ఉంది. ఇక్కడి నుంచి కనబడుతోంది. పదకొండున్నరకు ఉత్తరాలు తీస్తారట.

ఇప్పుడే పోయి వేసి వస్తాను.

నీ అక్క,
ఆండాలు